బురదదారుల టూస్ట్రోకు ఇంజను: పోషణము, సంస్కారము

దారియున్న చోట ఓడిపోయి దారి లేని చోట గెలుచుచున్న యంత్రములు లోకమున అరుదు. వానిలో టూస్ట్రోకు మోటారుసైకిలు ఇంజను ఒకటి. పొగ నియమములు కఠినమైన కొలదియు అది పట్టణవీథులనుండి తొలగింపబడెను గాని, కొండచరియలపైనను బురదగుంటలలోను ఇసుకదిబ్బలమీదను పరుగెత్తు ఆఫ్‌రోడ్ బండ్లలో దాని స్థానము నేటికిని నిలిచియున్నది. ఆస్ట్రియాలోని ఎర్జ్‌బెర్గ్ ఇనుపగనిపై 1995 నుండి జరుగుచున్న పందెమున 500 మంది బయలుదేరగా, నాలుగు గంటల గడువులో గమ్యము చేరువారు కొన్నియేండ్లలో వ్రేళ్లపై లెక్కింపదగినంతమంది మాత్రమే. ఇటీవలి విజేతలలో పెక్కండ్రు నడపినవి 300 సి.సి. తరగతి టూస్ట్రోకు బండ్లే. ఇట్టి ఇంజనును పోషించుట యెట్లు, దాని శక్తిని పెంచుట యెట్లు అను రెండు ప్రశ్నలను గూర్చి గ్రంథములలోను పత్రికలలోను కార్ఖానాలలోను బయలుదేరిన చర్చ విస్తారమైనది. ఆ రెండింటిని వేర్వేరు విద్యలుగా పరిగణించుటయే ఆ చర్చలో తఱచుగా కనబడు లోపమని నా యభిప్రాయము. శక్తి పెంచితిమని సంతోషించువారిలో కొందఱు, అరుగుదల వలన పోయిన శక్తిని తిరిగి తెచ్చుకొనినవారే. మఱికొందఱు ఉన్న శక్తిని ఒక వేగమునుండి మఱియొక వేగమునకు జరిపినవారు. ఈ రెండు వర్గములను తీసివేసిన పిదప మిగులువారు మిక్కిలి కొలదిమంది.

ఈ మాటకు ఆధారము ఇంజను నిర్మాణమునందే కలదు. టూస్ట్రోకు సూత్రమును పందొమ్మిదవ శతాబ్ది యుత్తరార్ధమున డూగాల్డ్ క్లెర్క్ సాధించెను గాని, దానిని మోటారుసైకిలునకు తగిన సరళరూపమునకు తెచ్చినవాడు జోసెఫ్ డే. 1890 ప్రాంతమున ఆతడు పిస్టను క్రిందనున్న క్రాంకుకేసునే గాలిపంపుగా వాడుకొనెను. పిస్టను పైకి లేచునపుడు క్రిందనేర్పడు శూన్యములోనికి గాలి, పెట్రోలు, నూనె కలిసిన మిశ్రమము ప్రవేశించును. పిస్టను దిగునపుడు అదే మిశ్రమము నొక్కుకొని, సిలిండరు గోడలలోని ట్రాన్స్‌ఫర్ పోర్టులగుండ పైకెక్కి, కాలిన వాయువును పొగ పోర్టుగుండ బయటకు నెట్టును. ఫోర్‌స్ట్రోకు ఇంజనునందలి కామ్‌షాఫ్టు గాని వాల్వులు గాని ఇచట లేవు. ద్వారములను తెఱచి మూయువాడు పిస్టనే. అందుచేత ఇంజను తేలికయగును, చౌకయగును, ప్రతి భ్రమణమునకును ఒక పేలుడు లభించును. కాని గాలిపంపు, కందెనపాత్ర, వాల్వుల కాపలా అను మూడుపనులును పిస్టనుపైనను క్రాంకుకేసుపైనను పడుటచే, వీనిలో దేనియందు రవ్వంత లోపము కలిగినను మిగిలినవి రెండును చెడును. ఒక రబ్బరు సీలు బిరుసెక్కి పగిలినచో ఫోర్‌స్ట్రోకులో కొంత నూనె కారునంతే. టూస్ట్రోకులో గాలి మిశ్రమమే తప్పును, పిస్టను కరగును.

ఇరువదవ శతాబ్దిలో ఈ ఇంజను పొందిన మార్పులలో రెండు ముఖ్యములు. జర్మనీలో అడాల్ఫ్ ష్నూర్లె పోర్టులను వాలుగా అమర్చి, తాజా మిశ్రమము సిలిండరులో వలయముగా తిరిగి వచ్చునట్లు చేసెను; డి.కె.డబ్ల్యు. సంస్థ దానిని స్వీకరించుటతో పిస్టను తలపైనుండిన గుబ్బ తొలగెను. రెండవది తూర్పు జర్మనీలోని ఎమ్.జెడ్. కార్ఖానాలో వాల్టర్ కాడెన్ సాధించిన సైలెన్సరు శాస్త్రము. 1961లో ఆతని 125 సి.సి. పందెపు ఇంజను 25 అశ్వశక్తిని, అనగా లీటరునకు 200 అశ్వశక్తిని, ఇచ్చెను. ఆ యేడే ఆ సంస్థ రౌతు ఎర్న్‌స్ట్ డెగ్నర్ స్వీడను పందెము తరువాత దేశము విడిచి సుజుకీలో చేరెను. మఱుసటి యేట సుజుకీ 50 సి.సి. ప్రపంచవిజయము నందెను. మోటోక్రాసులో చెకోస్లొవేకియా దేశపు సి.జెడ్. బండిపై జోయెల్ రోబేర్ 1964లో 250 సి.సి. తరగతిని, పాల్ ఫ్రీడ్రిక్స్ 1966లో 500 సి.సి. తరగతిని గెలువగా, బరువైన ఫోర్‌స్ట్రోకు బండ్ల యుగమునకు తెరపడినది. 1970లో రోబేర్ సుజుకీపై గెలిచిన పిదప జపాను సంస్థల వంతు వచ్చెను.

కాడెన్ కనుగొనినదానిని కొంత నిదానముగా చెప్పవలసియున్నది. ఏలన, శక్తి పెంపును గూర్చిన భ్రమలలో సగము ఇచటనే పుట్టినవి. పొగ పోర్టు తెఱచుకొనగానే బయలుదేరు ఒత్తిడితరంగము, క్రమముగా వెడల్పగు గొట్టములో పయనించునపుడు వెనుకకు ఒక చూషణతరంగమును పంపి సిలిండరును ఖాళీ చేయించును. పిదప గొట్టము ఇఱుకగు చోట తగిలి తిరిగివచ్చు ఒత్తిడితరంగము, పోర్టులోనికి జారిపోయిన తాజా మిశ్రమమును పిస్టను మూయుటకు ముందే మరల లోనికి నెట్టును. నిమిషమునకు 9,000 సార్లు తిరుగు ఇంజనులో ఒక భ్రమణమునకు పట్టు కాలము సెకనులో 150వ వంతు. పోర్టు తెఱచియుండునది అందులో సగమునకు కొంచె మెక్కువ. వేడివాయువులో తరంగవేగము సెకనుకు సుమారు 500 మీటర్లు. ఈ లెక్క ప్రకారము తరంగము పోయి సరియైన క్షణమున తిరిగి రావలెనన్న, అది ప్రయాణింపవలసిన గొట్టము మీటరుకు కొంచెము తక్కువ కావలెను. కావున ఏ సైలెన్సరైనను ఒకానొక వేగమునకే చక్కగా పనిచేయును. ఆ వేగమునకు క్రిందను పైనను తరంగము అకాలమున వచ్చి మేలునకు బదులు కీడు చేయును. 10,000 భ్రమణముల వద్ద శక్తినిచ్చు పొట్టి గొట్టమును తెచ్చి, రాళ్లదారిలో 4,000 వద్ద నడుపువాడు, తాను వెచ్చించిన ధనమునకు ప్రతిఫలముగా తొలుతనున్నదానికంటె మందమైన బండిని సంపాదించుకొనును. రాతికి కొట్టుకొని సొట్టపడిన గొట్టమును సరిచేయించుకొనుట కొత్తది కొనుటకంటె లాభకరమగు సందర్భములు పెక్కు గలవు.

ఈ విషయమున వెలువడిన గ్రంథములలో మూడింటిని ప్రత్యేకముగా పేర్కొనదగును. అమెరికా పత్రికారచయిత గోర్డన్ జెన్నింగ్స్ 1973లో ప్రకటించిన చేతిపుస్తకము, సామాన్యుడు కాగితముపై లెక్కలు వేసి గొట్టము కొలతలను, పోర్టుల వైశాల్యమును నిర్ణయించుకొనుటకు మొట్టమొదట ధైర్యము కలిగించినది. నేడు కొన్ని సూత్రములు మోటుగా తోచినను, ఆ పుస్తకమునందలి నిష్కాపట్యము మెచ్చదగినది. గ్రాహం బెల్ రచన అంతకంటె కార్ఖానాకు దగ్గఱ. పిస్టను ఏ భాగమున గీరుకొనినచో ఏ లోపమని చదువగల చూపును అది నేర్పును. బెల్‌ఫాస్టులోని క్వీన్స్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడైన గోర్డన్ బ్లెయిర్ 1996లో వెలువరించిన బృహద్గ్రంథము, లెక్కను కంప్యూటరునకు అప్పగించి, ఊహను పూర్తిగా తొలగింప యత్నించినది. ముగ్గురిలో ఎవరు గొప్పయను వాదము నాకు వ్యర్థముగా తోచును. చేతిలో ఆకురాయి పట్టుకొనినవాడు బ్లెయిరును చదువక చెడుట కంటె, బ్లెయిరును చదివి బెల్‌ను చదువక చెడుటయే ఎక్కువ.

ఇక పోషణము. ఇందు మొదటిస్థానము గాలి ఫిల్టరుది. ఆఫ్‌రోడ్ బండి యొక్క నుఱుగుఫిల్టరు జిగురునూనెలో తడిపియుంచబడును. ధూళి యాత్రకు పోయివచ్చిన ప్రతిసారియు దానిని కడిగి, ఆరబెట్టి, మరల నూనె పట్టించి, అంచునకు గ్రీజు పూసి బిగింపవలెను. ఇది విసుగు పుట్టించు పని. కావుననే ఎక్కువమంది మానుదురు. ఫిల్టరు అంచున దూరిన ఇసుక ముందుగా క్రాంకుకేసులోనికి, అచటి బేరింగులలోనికి, ఆ తరువాతనే పిస్టను వద్దకు పోవును. ఫోర్‌స్ట్రోకులో ఆ ధూళి బేరింగులను చేరుటకు ఇంత సూటిదారి లేదు.

పిదప నూనె. పెట్రోలులో 2టి ఆయిలు ఎంత కలుపవలెనను వాదము, మా మెకానికుల షెడ్లలోను పాశ్చాత్యుల పందెపు గుడారములలోను ఇంతవరకు తెగలేదు. 32 పాళ్లకు ఒకటి కలిపినచో లీటరు పెట్రోలునకు సుమారు 31 మిల్లీలీటర్లు, 60కి ఒకటి కలిపినచో సుమారు 17 మిల్లీలీటర్లు పడును. నూనె తగ్గించినచో ప్లగ్గు శుభ్రముగా నుండునను వారు ఒక పక్షము. ఎక్కువ కలిపినచో బేరింగులు బ్రతుకునను వారు మఱియొక పక్షము. ఇరుపక్షములవారును తఱచుగా మఱచునది యొకటి: నూనె పెరిగిన కొలది కార్బొరేటరు జెట్టుగుండ పోవు ద్రవములో పెట్రోలు భాగము తగ్గును, కాబట్టి మిశ్రమము పలుచనై ఇంజను వేడెక్కును. భద్రతకై నూనె రెట్టింపుచేసి జెట్టును ముట్టనివాడు, తాను తప్పించుకొనదలచిన అపాయమునకే కొంత దారి తెఱచును. నాకు తోచినంతలో, ఒక పాలును ఎన్నుకొని, దానికి తగినట్లు కార్బొరేటరును అమర్చి, తరువాత మార్చకుండుటే ఇందలి సారము. ఎడతెగక అధికవేగమున పరుగెత్తు 125 సి.సి. బండికి నూనె ఎక్కువ కావలెను. కొండదారిలో మెల్లగా ప్రాకు 300 సి.సి. బండికి అంత అక్కరలేదు.

కార్బొరేటరు అమరికను గూర్చి వ్రాయబడినంత మఱి దేనిని గూర్చియు వ్రాయబడలేదు. కాని నేర్వవలసినది స్వల్పము. థ్రాటిలు కొంచెము తెఱచునపుడు పైలట్ జెట్టును ఎయిర్ స్క్రూయు, నడుమ తెఱపునందు సూదియు, నిండుగా తెఱచినపుడు మెయిన్ జెట్టును ఏలుచుండును. ఎత్తయిన కొండపై గాలి పలుచనగుటచే మిశ్రమము చిక్కనగును, చలివేళ గాలి దట్టమగుటచే పలుచనగును. కావున మండువేసవిలో సరిపోయిన జెట్టు డిసెంబరు తెల్లవారుజామున ప్రమాదకరము కావచ్చును. బండి మొఱాయించుచున్నదని జెట్లు మార్చుటకు ముందు చూడవలసినది మఱియొకటి కలదు. అది గాలి కారుటను గూర్చినది, అనుభవజ్ఞుడైన మెకానికునకును క్రొత్తవానికిని భేదము ఇచటనే తెలియును. కార్బొరేటరు నోటిని, పొగ పోర్టును రబ్బరు బిరడాలతో మూసి, క్రాంకుకేసులోనికి చదరపు అంగుళమునకు 6 పౌనుల ఒత్తిడితో గాలి నింపి చూడవలెను. అది కొన్ని నిమిషములు నిలువక దిగిపోయినచో సబ్బునీటితో కారు చోటు కనుగొనవలెను. మ్యాగ్నెటో వైపు సీలు చెడినచో గాలి దూరి మిశ్రమము పలుచనగును; క్లచ్చి వైపు సీలు చెడినచో గేరుబాక్సు నూనె లోనికి పీల్చబడి తెల్లని పొగ వచ్చును, గేరునూనె కారణము తెలియకుండ తగ్గుచుండును. ఈ పరీక్ష చేయక జెట్టు పెంచి సీలు దోషమును కప్పిపుచ్చినవాడు, ఆ సీలు మఱి కొంచెము చినిగిన నాడు పిస్టనును పోగొట్టుకొనును.

ఇంజను పట్టేసిన పిదప పిస్టనును చేతబట్టి చూచుటయు ఒక విద్యయే. నాలుగు మూలల నాలుగు గీతలున్నచో, చల్లని ఇంజనును వేడెక్కనీయక అమాంతము తోలినారని గ్రహింపవలెను. అల్యూమినియము పిస్టను త్వరగా వ్యాకోచించి, ఇంకను చల్లగానున్న సిలిండరులో ఇఱుకుకొనినది. పొగ పోర్టు వైపు మాత్రమే గీరుకొనినచో మిశ్రమము పలుచనైనదని గాని నూనె చాలలేదని గాని అర్థము. తల అంచు ఎలుకలు కొఱికినట్లు తినివేయబడినచో డిటొనేషను, అనగా మంట చేరకమునుపే మిశ్రమములో మిగిలిన భాగము తనంతట తానే పేలుట. కార్బొరేటరు వైపు అంచు మందబూడిదరంగుతో నిలువుగీతలు పడియున్నచో ఫిల్టరును నిర్లక్ష్యము చేసినారన్నమాట. ఈ నాలుగింటికిని మందులు వేర్వేరు; ఆ భేదము చూడక కొత్త పిస్టను వేసి బిగించుటతో మరమ్మతు ముగిసినదనుకొనువాడు కొద్దిరోజులలోనే అదే ఖర్చునకు సిద్ధపడవలెను.

పిస్టనును రింగులను ఎన్ని గంటలకు మార్చవలెనను విషయమున తయారీదారుల పట్టికలు కలవు గాని, అవి పందెపు రౌతును ఉద్దేశించినవి. 125 సి.సి. మోటోక్రాసు ఇంజనునకు ఇరువది ముప్పది గంటలే ఎక్కువయనిపించవచ్చును. కొండదారుల 300 సి.సి. ఇంజను నూరుగంటలు దాటియు బ్రతుకును. నేటి సిలిండరులలో ఎక్కువ వానికి లోపల నికసిలు పూత యుండును. నికెలులో సిలికాన్ కార్బైడు రేణువులు కలిపిన ఈ పూతను మహలే సంస్థ 1960 దశకమున వాంకెల్ ఇంజను కొఱకు సిద్ధపఱచినది. అది మిక్కిలి గట్టిది, కాని అరిగినపుడు బోరింగు చేయించుటకు వీలులేదు. పాతపూత తీసి మరల పూయింపవలెను. మన రాజ్‌దూతు, యెజ్డీ, ఆర్.ఎక్స్.100 బండ్లలో ఇనుపలైనరు ఉండుటచే, ఏ జిల్లాకేంద్రములోనైనను లేతుపని చేయువాడు ఓవర్‌సైజు పిస్టనునకు తగినట్లు బోరింగు చేసియిచ్చెడివాడు. ఆ సౌలభ్యము వలననే ఆ బండ్లు ఇన్ని దశాబ్దములు బ్రతికినవి. అందుచేత ఇనుమే శ్రేష్ఠమనరాదు. వేడిని త్వరగా విడుచుటలో పూత గల అల్యూమినియము సిలిండరు దానికంటె చాల మిన్న. కొత్త పిస్టను వేయునపుడు తలపైనున్న బాణము పొగ పోర్టు వైపు చూడవలెనని, పిన్నునాపు సర్‌క్లిప్పులు ప్రతిసారి కొత్తవే వాడవలెనని, సిలిండరు విప్పినపుడు క్రాంకుకేసు నోట గుడ్డ క్రుక్కవలెనని వేఱుగ చెప్పనక్కరలేదు. ఐనను సర్‌క్లిప్పు ముక్క క్రిందపడి క్రాంకు పాడైన కథలు ప్రతి షెడ్డులోను వినవచ్చును.

శక్తి పెంపునకు వచ్చునప్పటికి సరుకుల జాబితా పెద్దది. వానిలో నాకు గౌరవము గలవి కొన్నియే. అన్నిటికంటె ముందు స్ప్రాకెటు: వెనుకచక్రమున రెండు పళ్లు ఎక్కువ వేయుట చవుక, మార్చుట సులభము, మరల తీసివేయుటయు సులభము. తరువాత మ్యాగ్నెటో చక్రమునకు కొంత బరువు చేర్చుట. ఇది శక్తిని పెంచదు, కాని తడిరాతిపై చక్రము జాఱుటను తగ్గించి, మెల్లగా పోవునపుడు ఇంజను ఆగిపోకుండ కాపాడును. మిశ్రమమును క్రాంకుకేసులోనికి పోనిచ్చి వెనుకకు రానీయని రీడ్ వాల్వు రేకులను మార్చుట మంచిదే. కాని అంచు చిట్లిన పాతరేకుల స్థానమున సాధారణపు కొత్తవి వేసినను అంతటి తేడా కనబడునను సంగతి అమ్మువారు చెప్పరు. పిస్టనునకును హెడ్డునకును నడుమ అంచున మిగులు సందును సీసపు తీగెతో కొలిచి, కంపెనీవారు ఒకటిన్నర మిల్లీమీటరునకు పైగా వదలినదానిని తగినంత తగ్గించుట అన్నిటికంటె ఎక్కువగా నిపుణుల మెప్పు పొందిన మార్పు. మంట చుఱుకుగా వ్యాపించును, డిటొనేషను తగ్గును. కాని ఈ సందును సిలిండరు క్రింది గ్యాస్కెట్టు పలుచన చేసి తగ్గించినచో పోర్టులన్నియు క్రిందికి దిగి శక్తి తక్కువ వేగములకు జరుగును. హెడ్డును చెక్కి తగ్గించినచో అట్లు జరుగదు. ఈ భేదము తెలియనివారు ఒకే మార్పు చేసితిమనుకొని రెండు చేయుదురు.

పోర్టులను ఆకురాయితో పెంచుట విషయమున నేను సంకోచించుదును. పొగ పోర్టు పై అంచు ఒక మిల్లీమీటరు లేచినచో ఇంజను స్వభావమే మాఱును; అధికవేగమున ఉరుకు పుట్టును, తక్కువవేగమున సత్తువ పోవును. చెక్కిన లోహమును మరల అతికింపరాదు. ఈ సంకటమునకు పరిష్కారముగానే యమహా 1977లో తన 500 సి.సి. పందెపు బండిలో పవర్ వాల్వును ప్రవేశపెట్టెను. అది తక్కువవేగమున పోర్టును క్రిందికి దించి, అధికవేగమున పైకెత్తును. ఇతర సంస్థలును తమతమ రీతుల దానిని అవలంబించినవి. అట్టి వాల్వున్న ఇంజనును ఆకురాయికి అప్పగించువాడు, మొదట ఆ వాల్వునకు పట్టిన మసిని తీసి, అది నిండుగా తెఱచుకొనుచున్నదో లేదో చూచుకొనినాడా యని అడుగవలెను. మసిపట్టి సగములో ఆగిన వాల్వు తినివేయు శక్తి, ఖరీదైన సైలెన్సరు ఇచ్చు శక్తికంటె తక్కువ కాదు. పరిమాణమును పెంచుట వేఱు సంగతి: కె.టి.ఎమ్. 250 సి.సి. ఇంజను బోరు 66.4 మిల్లీమీటర్లు, 300 సి.సి. ఇంజను బోరు 72. స్ట్రోకు రెండింటికిని 72 మిల్లీమీటర్లే. అనగా కంపెనీయే చేసిన బోరు పెంపు మనకు దొరుకుచున్నది. నేలపట్టు దొరకని చోట వాడు బండికి తక్కువవేగపు బలమే కావలెను గనుక, నిజముగా ఫలించు పెంపు ఇదియొక్కటియే యని చెప్పుటకు నేను వెనుదీయను.

1997లో లాస్‌వేగాసు సూపర్‌క్రాసులో డగ్ హెన్రీ యమహా ఫోర్‌స్ట్రోకుపై గెలిచిన పిదప, పందెపు నిబంధనలు ఫోర్‌స్ట్రోకునకు దాదాపు రెట్టింపు పరిమాణమును అనుమతించుటచే, మోటోక్రాసులో టూస్ట్రోకు ప్రాభవము తగ్గెను. హోండా 2007 తరువాత దానిని విడిచినది. యమహా తన వై.జెడ్. బండ్లను విడువలేదు. కె.టి.ఎమ్. 2018 మాడలు ఎండ్యూరో బండ్లలో పెట్రోలును ట్రాన్స్‌ఫర్ పోర్టులలోనికి చిమ్ము విధానమును, 2023 మోటోక్రాసు మాడళ్లలో థ్రాటిల్ బాడీ విధానమును ప్రవేశపెట్టినది. దీనితో ఎత్తును చలిని బట్టి జెట్లు మార్చు పని తగ్గినది. ఫిల్టరు, సీలు, పిస్టను, పవర్ వాల్వు వీని పని మాత్రము వెనుకటి యంతయే.

మన దేశమున పాత టూస్ట్రోకు బండ్లను కాపాడుకొనువారికి ఇటీవల తటస్థించిన చిక్కు వేఱు. పెట్రోలులో 20 శాతము ఇథనాలు కలియుటచే, అదే జెట్టుతో మిశ్రమము సుమారు ఏడు శాతము పలుచనగును. గాలితో చల్లబడు పాత సిలిండరునకు ఇది స్వల్పము కాదు, మెయిన్ జెట్టు ఒకటి రెండు పరిమాణములు పెంచవలసివచ్చును. పాత రబ్బరు గొట్టములు, ఫ్లోటు సీళ్లు మెత్తబడి ఉబ్బును. వీనికంటె అపాయకరమైనది, నూనె కలిపి ట్యాంకులో నిలువయుంచిన పెట్రోలు: ఇథనాలు గాలిలోని తేమను పీల్చుకొని, నీరు మితిమీఱినపుడు పెట్రోలునుండి విడిపోయి అడుగున చేరును, నూనె పైనున్న పెట్రోలులోనే నిలుచును. బండి నెలలు కదలక నిలిచినపుడు ట్యాంకు కుళాయి ముందుగా అందించునది ఆ యడుగుపొరనే, అందులో నూనె యుండదు. కావున వర్షకాలమంతయు నిలిపిన బండిని తీయునపుడు ట్యాంకును, ఫ్లోటు గిన్నెను వట్టిచేసి, అప్పుడే కలిపిన పెట్రోలు పోసి, ఆ తరువాతనే కిక్కు కొట్టవలెను.